నాయన కాంటెస్సా

"ఏమ్మీ, నీళ్లు సూసినావా?"

ఆదివారం పొద్దున్నే మా ఇంట్లో వినిపించే మొదటి మాట ఇదే. నీళ్లంటే తాగేవి కాదు, రేడియేటర్‌లోవి! వేపచెట్టు కింద పరిచిన కడప బండల మీద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు మా నాయన. ఆయన పక్కన పదిహేను అడుగుల పొడవున తెల్ల కాంటెస్సా.

నాయనకు ఆ కారు సరిగ్గా కనిపించదు. నీటికాసుల జబ్బు చూపును చాలావరకు తీసుకుపోయింది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలన్నారు డాక్టర్లు. అందుకే బానెట్ ఎత్తేది నేను, ఏం చేయాలో చెప్పేది ఆయన.

నిజానికి అది మేం కొన్న కారు కాదు. నాయన డ్రైవరు. మంగంపేట ముగ్గురాయి వ్యాపారం చేసే ఓ ఆసామి 1995లో దాన్ని కొత్తగా కొన్నాడు. పద్నాలుగేళ్లు నాయనే తోలాడు. 2009లో ఆసామి ఇంకో పెద్ద కారు కొన్నాక, "దీన్ని నువ్వే పెట్టుకోప్పా" అని తాళాలు చేతిలో పెట్టాడు. అప్పట్నుంచి మా వీధిలో పెళ్లికొడుకులంతా అందులో ఊరేగినవాళ్లే.

ఇప్పటి పిల్లలకు కాంటెస్సా అంటే తెలియకపోవచ్చు. రోడ్ల మీద అంబాసిడర్లు, పద్మినీలు, మారుతీ 800లు తిరిగే రోజుల్లో అదే దర్జా. 1984లో హిందుస్థాన్ మోటార్స్ దాన్ని తెచ్చింది. ఒళ్లు బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ కారుది, గుండె మాత్రం మన అంబాసిడర్‌దే. అంత బరువును ఆ 1,489 సీసీ ఇంజను లాగలేక ఆయాసపడేది. తర్వాత జపాన్ ఇసుజు 1,817 సీసీ ఇంజను పెట్టాక కారుకు ఊపిరొచ్చింది. మాది ఆ రకమే. 2002లో తయారీ ఆగిపోయింది. ఆనాటి నుంచీ విడిభాగాల కోసం పాత సామాన్ల అంగళ్లు వెతుక్కోవాల్సిందే.

2020 లాక్‌డౌన్‌లో ఆగిన కారు, నాయన చూపు తగ్గడంతో ఇక కదల్లేదు. నాలుగేళ్లు! ఎలుకలు వెనక సీటులో కాపురం పెట్టాయి. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. 2025లో ఆర్సీ గడువు ముగుస్తుందనగా తమ్ముడు బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. "తూకానికి అమ్మేయక్కా, ఎవరు తోలతారు?" అని. వాడన్నదీ నిజమే. నాయన మాత్రం ఏమీ అనలేదు. రోజూ సాయంత్రం తడుముకుంటూ వెళ్లి, బానెట్ మీద కాసేపు చెయ్యి పెట్టి వచ్చేవాడు. అది చూశాక నేను స్పానర్ పట్టుకున్నాను.

తాళం తిప్పబోతే నాయన అరిచాడు. ఏళ్ల తరబడి ఆగిన ఇంజనును ఒక్కసారిగా తిప్పకూడదట. ప్లగ్గులు విప్పి, నాలుగు సిలిండర్లలో తలా కొంచెం ఇంజను ఆయిలు పోయించాడు. రాత్రంతా నాననిచ్చి, మర్నాడు స్పానర్‌తో చేత్తోనే తిప్పమన్నాడు.

"బిగుసుకుందా?"

"లేదు నాయనా, తిరుగుతాంది."

ఆయన ముఖం చూడాలి!

ట్యాంకులో జిగురుగా మారిన పెట్రోలు తీసేశాం. టైర్ల గీతలు అరగలేదు కదా అంటే, పక్కనుండే నాలుగంకెలు చదవమన్నాడు. 2216... అంటే 2016లో ఇరవై రెండో వారం తయారైందన్నమాట. గీతలున్నా రబ్బరు పగుళ్లిచ్చింది. మార్చక తప్పలేదు. బ్రేకుల జోలికి మాత్రం నన్ను పోనీయలేదు. "అది నేర్చుకునే పని కాదు" అని పాత మేస్త్రీని ఇంటికే పిలిపించాడు.

స్టార్ట్ చేసిన రోజు నేను ఎగిరి గంతేశాను. నాయన తల పక్కకు వంచి విన్నాడు. "మూడిటి మీదే నడుస్తాంది. ఒగటి పలకల్యా." చూస్తే ఓ ప్లగ్గు వైరును ఎలుక కొరికేసింది!

ఓసారి రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసి తిట్లు తిన్నాను. మా బోరు నీళ్లలో ఉప్పెక్కువ. నీళ్లు కాచే గిన్నెకు పట్టినట్టే రేడియేటర్ గొట్టాలకూ తెల్లగా పాచి పడుతుంది. ఇక ఎండాకాలం కడపలో బండి పొంగకుండా ఉంటుందా? విప్పించి శుభ్రం చేయించి, డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోశాం. ఇప్పుడు కొత్త బెంగ ఇంకోటి. 2025 నాటికి బంకుల్లోకి వచ్చేసిన 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత కార్ల రబ్బరు పైపులను తొందరగా పాడుచేస్తుంది. అందుకే ప్రతి వారం వాటిని ఒత్తి, వాసన చూస్తుంటాను.

చివరికి ఆర్సీ. పాత కార్ల రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. హరిత పన్ను అదనం. కట్టేశాను. ఎంతైందని నాయన అడిగితే సగమే చెప్పాను. జీతంలో ఆ నెల చీర మానుకున్న సంగతి ఆయనకెందుకు?

బ్రేకు ఇన్‌స్పెక్టర్ చూసి సరేనన్నాక, మొదటి ప్రయాణం గువ్వలచెరువు ఘాట్ మీదుగా. ఇన్నేళ్లలో నాయన ఆ కారు వెనక సీటులో కూర్చున్నది లేదు. అందుకే ఎలుకలు పాడుచేసిన ఆ సీటును కొత్తగా కుట్టించాను. వెనక డోరు తెరిచి, "కూచో నాయనా" అన్నాను. ఆయన సీటును తడిమి చూశాడు. మెల్లగా డోరు వేసేసి, కారును పట్టుకుంటూ ముందుకొచ్చాడు.

"ఎనక కూచుంటే ఇంజను ఇనపడదుమ్మీ."

ఘాట్ ఎక్కుతుంటే నా కళ్లన్నీ వేడి చూపించే ముల్లు మీదే. నాయన మాత్రం కిటికీ దించి వింటున్నాడు. "గేరు తగ్గించు... ఇప్పుడు ఇడువు... హారన్ కొట్టు." ఏ మలుపు ఎప్పుడొస్తుందో చూడకుండానే చెబుతున్నాడు! పైన ఆపి పాలకోవా తిన్నాం. ముల్లు సగం దాటలేదు.

తిరిగి బయల్దేరుతుంటే అడిగాడు, "వాటర్ పంపు కాడ సన్నగా కీచుమంటాంది, ఇన్యావా?"

నాకేమీ వినబడలేదు. వచ్చే ఆదివారం విప్పి చూడాలి.