సూదంటురాయి గది

అరేబియా కథలలో ఒక సూదంటురాయి కొండ ఉన్నది. ఓడ దాని దగ్గిరికి పోయిందో, చెక్కలలోని మేకులన్నీ ఊడి, ఎగిరి వెళ్ళి కొండకు అంటుకుంటాయి. ఓడ కాస్తా చెక్కచెక్కలుగా విడిపోతుంది. అటువంటి కొండ లోకంలో ఎక్కడా లేదు. కాని అటువంటి గది ఉన్నది. దానిని చూడటానికి సముద్రాలు దాటనవసరం లేదు. పెద్ద ఊళ్ళ ఆస్పత్రులలో ఎం.ఆర్.ఐ. అని బోర్డు కట్టి ఉంటుంది. రండి, చూసి వద్దాం.

ముందు వచ్చేది బయటి గది. ఇక్కడ ఒకాయన మిమ్మల్ని ఆపి, "ఒంటిమీద ఇనుపవస్తువులేమైనా ఉన్నాయా?" అని అడుగుతాడు. మీరు "లేవండీ" అంటారు. అందరూ అదే అంటారు. ఆయన ఊరుకోడు. ఒక్కొక్కటే పేరు పెట్టి అడుగుతాడు. చూస్తూండగానే బల్లమీద తాళంచెవులు, తలపిన్నులు, పిన్నీసు, బెల్టు, చేతిగడియారం, సెల్‌ఫోను, చిల్లర పోగుపడతాయి. మొలతాడుకు కట్టిన తాయెత్తు కూడా వచ్చి చేరుతుంది!

"బంగారాన్నీ, వెండినీ అయస్కాంతం లాగదు గదా?" అని మీ అమ్మగారు అడగవచ్చు. నిజమే, లాగదు. అయినా పరీక్ష జరిగేటప్పుడు ఏ లోహమైనా వేడెక్కవచ్చు, తీసే బొమ్మను చెడగొట్టవచ్చు. కనక పరీక్ష చేయించుకునేవారు అవి కూడా తీయవలసిందే. ఒంటిలోపలి లోహం సంగతి మరీ ముఖ్యం. గుండెకు పెట్టిన యంత్రమో, ఎముకకు వేసిన రేకో ఉంటే ముందే చెప్పాలి. వాటిలో కొన్నిటితో పరీక్ష చేయవచ్చు, కొన్నిటితో చేయరాదు. అది డాక్టర్లు తేల్చే విషయం. ఇనుము సానపట్టేవాళ్ళ కంటిలో ఎప్పుడో పడిన రజను ఉండిపోయి ఉండవచ్చు. అది ఈ గదిలో కదిలితే చూపుకే మోసం.

ఇప్పుడు అద్దం కిటికీలోంచి లోపలికి చూడండి. తెల్లని పెద్ద గుండ్రని యంత్రం, దాని మధ్య సొరంగం, అందులోకి జరిగే బల్ల. అయస్కాంతమూ, రేడియో తరంగాలూ కలిసి మన ఒంటిలోని నీటి చేత కబుర్లు చెప్పించి, ఆ కబుర్లతో లోపలి బొమ్మ గీస్తాయి. కోత లేదు, ఎక్స్‌రే లేదు. మామూలుగా వాడే 1.5 టెస్లా యంత్రం బలం, దిక్సూచి ముల్లును తిప్పే భూమి అయస్కాంత బలానికి సుమారు 30 వేల రెట్లు!

అయితే గుమ్మం దగ్గిర నిలబడినవాడికి ఈ బలం తెలియదు. అదే చిక్కు. మీ ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేయండి. కాగితం మీద గుండుసూది పెట్టి, అయస్కాంతాన్ని మెల్లిగా దాని దగ్గిరికి జరపండి. చాలాసేపు ఏమీ కాదు. ఒకచోటికి రాగానే సూది ఛటుక్కున ఎగురుతుంది. ఈ గదిలోనూ అంతే. ఒక అడుగు వెనక ఊరికే ఉన్న కత్తెర, ఒక అడుగు ముందుకు వేస్తే చేతిలో ఉండదు. బరువైన వస్తువు కదలదులే అనుకోవద్దు. ఇనుము ఎంత ఎక్కువ ఉంటే లాగుడు కూడా అంత ఎక్కువ.

పరీక్ష జరిగేటప్పుడు యంత్రం డబడబమని చెవులు చిల్లులు పడేట్టు మోగుతుంది. ఆ మోత ఆగగానే, "యంత్రం ఆపేశారు" అనుకుంటారు జనం. ఆగింది మోతే గాని అయస్కాంతం కాదు! దాని తీగచుట్టలు ద్రవ హీలియంలో, సున్నాకు 269 డిగ్రీలు దిగువ చలిలో మునిగి ఉంటాయి. అంత చలిలో ఆ తీగ విద్యుత్తును ఏమాత్రం అడ్డదు. ఒకసారి ఎక్కించిన విద్యుత్తు ఏళ్ళతరబడి దానంతటది తిరుగుతూనే ఉంటుంది. ఊళ్ళో కరెంటు పోయినా అయస్కాంతం పోదు.

ఈ హీలియంతో మనకు కాస్త చుట్టరికం ఉన్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి శాస్త్రజ్ఞులు గుంటూరుకూ, మచిలీపట్నానికీ వచ్చారు. ఆ ఏడు సూర్యుడి వెలుగులో దొరికిన ఒక పసుపుపచ్చ గీతే హీలియం జాడ.

2001లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో ఆరేళ్ళ పిల్లవాడు ఈ సొరంగంలో పడుకుని ఉండగా, ఎవరో ఉక్కు ఆక్సిజన్ సిలిండరు గదిలోకి తెచ్చారు. అది ఎగిరివచ్చి తలకు తగిలి పిల్లవాడు చనిపోయాడు. 2018 జనవరిలో ముంబాయి ఆస్పత్రి ఒకదానిలో, రోగికి తోడు వచ్చిన బంధువు సిలిండరుతో లోపలికి వెళ్ళాడు. ప్రాణాలతో తిరిగిరాలేదు. యంత్రం ఆపి ఉన్నదని తమకు చెప్పారని ఆయన ఇంటివాళ్ళు తరవాత అన్నారు. రెండుచోట్లా తెచ్చింది ప్రాణం నిలిపే వాయువే. ఇటువంటి గదుల కోసం అల్యూమినియం సిలిండర్లు వేరే ఉన్నాయి.

గోడమీద మూతపెట్టిన మీట ఒకటి చూశారా? మనిషి ఇరుక్కుపోతే దానిని నొక్కుతారు. హీలియం మరిగి, గొట్టం గుండా ఆకాశంలోకి పోతుంది, అయస్కాంతం చచ్చిపోతుంది. మళ్ళీ దానిని బతికించటానికి రోజులూ, లక్షలూ పడతాయి. అందుచేత వస్తువు ఒక్కటే అంటుకుంటే, మీట జోలికి పోకుండా కంపెనీవారిని పిలుస్తారు.

రాత్రి అయింది. ఆఖరి రోగి వెళ్ళిపోయాడు, దీపాలు ఆర్పేశారు. హీలియాన్ని చల్లగా ఉంచే పంపు ఒక్కటే చీకట్లో కిచకిచమంటున్నది. గది ఊడ్చే ఆమె వచ్చింది. ఆమె చేతిలో ప్లాస్టిక్ బక్కెట్టు, ప్లాస్టిక్ పిడి చీపురు ఉన్నాయి. తాళంచెవుల గుత్తి బయట బల్లమీదే పెట్టి లోపలికి పోయింది.