నీటి క్రింది మాట

మన హైదరాబాదు నగరమునకు చెఱువులు కలవు గాని సముద్రము లేదు. 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన పిమ్మట మాదాపూరు బండల నడుమ అద్దాల మేడలు వరుసగా లేచినవి. అట్టి మేడ యొకదానియందు నేను కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుచుందును. బాల్యమునుండియు నా రెండు చెవులకును వినికిడి తక్కువ. యంత్రములు తగిలించుకొన్నచో ఎదుటివాని మాట కొంత తెలియును. మిగిలినది పెదవుల కదలికను బట్టి ఊహింతును. పదిమంది ఒక్కసారి మాటలాడు సమావేశములలో నా ఊహ వెనుకబడును. అందఱును నవ్విన తరువాత నేను నవ్వుదును.

ఇట్టి నేను సముద్రములో మునిగి యీదుట నేర్చుకొందునని చెప్పగా మా యమ్మ భయపడెను. "నాయనా, నేలమీదనే వెనుకనుండి వచ్చు బండి నీకు వినబడదే!" అనెను. ఆమె భయము నిరాధారము కాదు. కావున ముందుగా చెవివైద్యుని కడకు పోయితిని. నీటిలో పది మీటర్లు దిగునప్పటికి మనమీది ఒత్తిడి రెట్టింపగును. ముక్కు మూసికొని మెల్లగా గాలి నొత్తి, కర్ణభేరికి లోపలను వెలుపలను ఒత్తిడి సమానము చేసికొనవలెను. కర్ణభేరికి రంధ్రమున్నవారు దిగరాదు. ఒక చెవి మాత్రమే పనిచేయువారిని వైద్యులు సాధారణముగా వలదందురు. ఆ యున్న చెవికి హాని కలిగినచో మిగులున దేమి? నన్ను పరీక్షించి వైద్యుడు అనుమతిపత్రము వ్రాసి యిచ్చెను.

శిక్షకుడును మొదట సంశయించెను. "నేను పిలిచినచో మీకు వినబడదు గదా?" అని కాగితముమీద వ్రాసెను. "నీటిలో మీరు నన్నెట్లు పిలుతురు?" అని నేను దాని క్రింద వ్రాసితిని. ఆయన నవ్వెను. నోట శ్వాసగొట్టము కఱచి పట్టినవానికి మాట ఎక్కడిది? 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో, ఎమీల్ గాన్యా అనువారు సిద్ధపఱచిన శ్వాసయంత్రము లోకమంతట వ్యాపించినది. దానితోపాటు చేతిసైగలును వ్యాపించినవి. బొటనవ్రేలిని చూపుడువ్రేలిని చేర్చి సున్న చుట్టినచో "క్షేమము". చాచిన అఱచేతిని అటునిటు ఊపినచో "ఏదో చిక్కు". గొంతుకకు అడ్డముగా చేతిని కదల్చినచో "గాలి లేదు". బొటనవ్రేలు పైకెత్తుట నేలమీద మెప్పుదల. నీటిలో "పైకి పోవుదము" అని యర్థము. ఇది మఱచినవాడు మిత్రుని మెచ్చుకొనబోయి పడవమీదికి పంపును!

కొన్ని ఆదివారములు ఈతకొలనులో అభ్యసించి, ముగ్గురు సహోద్యోగులతో గోదావరి ఎక్స్‌ప్రెస్ నెక్కి విశాఖపట్టణము చేరితిని. ఋషికొండ తీరమున పడవ యెక్కితిమి. నాకు కష్టమంతయు ఆ పడవమీదనే. వినికిడి యంత్రములు నీటికి ఓర్వవు. వానిని తీసి డబ్బాలో దాచితిని. గాలి, ఉప్పునీటి తుంపర, కాళ్లక్రింద ఇంజను అదురు. శిక్షకుడు పెదవులు కదల్చుచు ఏవో జాగ్రత్తలు చెప్పుచుండెను. పిదప ముందనుకొన్నట్లు వానినన్నిటిని పలకమీద వ్రాసి నాకు చూపెను. లోపల ఇతరులు సిలిండరును తట్టి పిలుచుకొందురు. ఆ పిలుపు నాకు అందదు గనుక ఆయన నా కనుచూపునుండి తొలగరాదు. వెలుతురు తగ్గినచోట దీపము కదల్పవలెను. ఈ యొప్పందము లేనిదే నేను దిగియుండను.

మునిగితిమి. నీటిలో ధ్వని సెకనునకు సుమారు 1,500 మీటర్లు పోవును. గాలిలోకంటె నాలుగు రెట్ల పైమాట. అందువలన అది రెండు చెవులకును ఇంచుమించు ఒక్కసారే చేరును. ఏ దిక్కున పుట్టినదో బాగుగా వినువారికిని తెలియదు. మా మిత్రులు పడవమ్రోతకు తలలు నలుదిక్కుల త్రిప్పుచుండగా నేను రాళ్లనడుమ చేపలను చూచుచుంటిని. ఒక మిత్రుడు నన్ను తట్టి ఒక రాతిసందు చూపెను. అంతకుమించి చెప్పుటకు అతనికి మాట లేదు. నాకు చిన్ననాటినుండి భారతీయ సంజ్ఞాభాష వచ్చును. చేప పెద్దదనియు, మనలను చూచి దాగినదనియు, దాని వెనుక మఱియొకటి యున్నదనియు చేతులతో చెప్పితిని. అతనికి సగమే తెలిసినది. సమావేశములలో నాకు తెలియునదియు నంతయే. మరల చెప్పుమని అతడు సైగ చేసెను.

తిరుగురైలులో అతడు నా ప్రక్కకు వచ్చి కూర్చుండి, చేపను చేతులతో ఏమందురని అడిగెను. రాజమహేంద్రవరము చేరునప్పటికి అతనికి పదునేడు సంజ్ఞలు వచ్చినవి.