స్పితి త్రోవలో టైరు కొలత

మనాలి నుండి స్పితి లోయకు బోవు త్రోవలో, గ్రంఫూ కడ లేహ్ మార్గమును విడిచి మరలినది మొదలు కుంజుం కనుమ నెక్కువఱకు ప్రయాణికునకు తోడుగా నుండునది చంద్రా నది. యుగయుగములుగా హిమానీనదములు కొండల నొరసి తెచ్చి యొడ్డున కుప్పవోసిన రాలమీదుగా సాగు నా మార్గమునకు పటములలో 505వ జాతీయ రహదారి యని పేరు కలదు గాని, మేము పోవునాటికి దానిలో తారు కన్పట్టిన చోట్లు స్వల్పములు. అనేక స్థలములందు కొండవాగులే త్రోవ కడ్డముగా బాఱుచు, మధ్యాహ్నపు టెండకు మంచు కరగుకొలది పొంగుచుండును. ఇట్టి మార్గమున నడువ నుద్యమించిన వాహనమునకు యంత్రబల మెంత యున్నను, నేలతో దానికి గల సంబంధమంతయు నాలుగు చక్రముల క్రింద నొక్కొక్క చోట అరచేతి వెడల్పున నానుకొన్న రబ్బరుతోనే గదా! ఆ రబ్బరు కొలతను నిర్ణయించుటకై హైదరాబాదున మేము చేసిన తర్జనభర్జనను, దానిపై ఆ రాళ్లత్రోవ చెప్పిన తీర్పును వివరించుట యీ వ్యాసమున నా యుద్దేశము.

మా బావగారి బండి మహీంద్రా థార్. పై తరగతి నమూనాకు సంస్థవారు బిగించి యిచ్చిన టైరు 255/65 ఆర్18. ఇందు మొదటి సంఖ్య టైరు వెడల్పును మిల్లీమీటర్లలో తెలుపును. రెండవది ఆ వెడల్పులో నూటి కెన్ని పాళ్లు ప్రక్కగోడ యెత్తో చెప్పును. 'ఆర్' అనునది లోపలి దారములను రేడియల్ పద్ధతిలో పరచిరని సూచించును. కడపటి సంఖ్య రిమ్ము వ్యాసము, అంగుళములలో. లెక్క వేసిచూడగా ప్రక్కగోడ యెత్తు సుమారు 166 మిల్లీమీటర్లు. అట్టి గోడలు పైన నొకటి, క్రింద నొకటి, నడుమ 457 మిల్లీమీటర్ల రిమ్ము. వెఱసి చక్రపు టెత్తు 789 మిల్లీమీటర్లు.

బావగారి మనస్సు మాత్రము 285/70 ఆర్17 మీద నుండెను. “మనం వెళ్లేది రాళ్లదారి కదండీ, టైరు ఎంత పెద్దదైతే అంత మంచిది కాదూ?” అని వారి ప్రశ్న. ఆ చక్రపు టెత్తు 831 మిల్లీమీటర్లు. చూపునకు గంభీరముగా నుండు మాట నిజమే. కాని పెరిగిన 42 మిల్లీమీటర్లలో సగమే, అనగా 21 మిల్లీమీటర్లే, బండి యడుగు భాగమునకు నేలనుండి దక్కును. దానికై చెల్లింపవలసిన మూల్య మల్పము కాదు. చక్రము పెద్దదైనకొలది ఒక్కొక్క చుట్టునకు బండి యెక్కువ దూరము పోవును గావున, వేగమాపకము 60 అని చూపునపుడు వాస్తవవేగము 63 అగును. తిరిగిన దూరపు లెక్కయు తప్పును. అంతకంటె ముఖ్యముగా, గేర్ల పట్టు సడలి, గాలి పలుచనైన యెత్తులందు, ఇంజను సహజముగనే నీరసించు తావున, ఎగుడు ఎక్కు శక్తి మఱింత క్షీణించును.

సికింద్రాబాదు రాణీగంజిలో చిరకాలముగా టైర్ల వ్యాపారము చేయుచున్న యొక పెద్దమనిషి మా వాదమంతయు నోపికతో విని, బండి చుట్టు నొకసారి తిరిగి, ముందుచక్రపు పైయంచునకును లోపలి ప్లాస్టికు కవచమునకును నడుమ వ్రేళ్లు దూర్చి చూచి, ఇట్లనెను: “సార్, పెద్ద టైరేస్తే చూడనీకె మంచిగనే ఉంటది. గానీ స్టీరింగ్ నిండుగ తిప్పితే లోపల రాస్తది. స్టెప్నీ వెనక డోరుకు ఏలాడ్తది గదా, దాని బరువంత కబ్జాల మీదనే పడ్తది. మీరు పొయ్యేది రాళ్ల మీద. ఎత్తు గాదు సార్, సైడు దండిగుండాలె.”

ఆ మాటలలోని సూక్ష్మమును గ్రహించుటకు మాకు కొంత విచారణ పట్టినది. మొనదేరిన రాయి టైరును తాకినపుడు, ఆ రాతికిని ఇనుప రిమ్మునకును నడుమ నుండునది ప్రక్కగోడయే. గోడ పొట్టిదైన, రాయి రిమ్మును చేరుటకు దూరము తక్కువ. దెబ్బకు రబ్బరు రెంటినడుమ నలిగి కోసికొనిపోవును. గోడ యెత్తైనదైన, వంగి, రాతి రూపమును తనయందు కొంత యిముడ్చుకొని, మరల నిటారగును; గాలి తగ్గించి నడుపుటకును అట్టి గోడయే యనుకూలము. కావున ఆ వ్యాపారి సూచించినది 245/75 ఆర్16. ఇది సంస్థవారే థార్ యొక్క దిగువ తరగతి నమూనాలకు బిగించిన కొలత. దీని ప్రక్కగోడ 184 మిల్లీమీటర్లు, అనగా మునుపటికంటె 18 మిల్లీమీటర్లు అధికము. చక్రపు టెత్తు 774 మాత్రమే. ఉన్న కొలతకంటె చిన్న చక్రము వేసికొని హిమాలయములకు బోవుటయా యని బావగారు తొలుత విస్మితులైరి. కాని నేలకును బండి యడుగునకును నడుమ గల 226 మిల్లీమీటర్ల యెడములో పోవునది ఏడెనిమిది మిల్లీమీటర్లే యని కాగితముపై గీసి చూపగా సమాధానపడిరి. తయారీదారు నిర్దేశించిన స్వరూపమును మార్పరాదను 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షనును తలచుకొన్నను, సంస్థ తానే వాడిన యీ కొలతయే నిరపాయము.

వెడల్పును గూర్చియు నొక మాట చెప్పవలెను. ఇసుక యెడారిలో వెడల్పైన టైరు పైపైన తేలిపోవును గావున అచట నది గుణము. స్పితి త్రోవలో రాళ్లు నీటి యడుగున నుండును గనుక, కొంచెము సన్నని టైరు నీటిని చీల్చుకొని క్రింది గట్టి నేలను త్వరగా నందుకొనును. గాళ్లు లోతుగా నుండు మడ్ టెరైన్ టైర్లు మన మారేడుమిల్లి యడవులలోని జిగట బురదకు తగినవే యైనను, హైదరాబాదు నుండి మనాలికి రెండు వేల కిలోమీటర్లకు పైబడిన తారురోడ్డుపై వాని రొద భరింపరానిది, తడిసిన తారుపై వాని పట్టు తక్కువ. అందుచే రెంటికిని మధ్యమమైన ఆల్ టెరైన్ రకమునే యెన్నుకొంటిమి. నాలుగు చక్రముల చోదనము గావించునపుడు ముందువెనుక ఇరుసులు కలిసి తిరుగును గావున చక్రములన్నియు నొకే కొలతవై యుండవలెను. స్టెప్నీతో కూడ ఐదింటిని మార్పించితిమి.

నాగపురము, ఝాన్సీ, ఆగ్రాల మీదుగా సాగిన తారుప్రయాణము వర్ణింపదగినంతటిది కాదు. మనాలి దాటి, 2020వ సంవత్సరమున ప్రారంభమైన 9 కిలోమీటర్ల అటల్ సొరంగమున ప్రవేశించి, ఆవల లాహుల్ వెలుగులో బడి, కోక్సర్ మీదుగా గ్రంఫూ చేరినపుడు బండి నిలిపి, ఒక్కొక్క టైరునందును గాలిని 32 నుండి 22 పీఎస్ఐకి తగ్గించితిమి. వాల్వు నొక్కగా గాలి బుసకొట్టుచు వెడలుకొలది, నేలనంటిన చోట ప్రక్కగోడ క్రమక్రమముగా ఉబ్బి, రబ్బరు దిమ్మలు మఱి రెండు వరుసలు మట్టిని తాకుట కన్నులార చూచితిమి. అంతవఱకు ప్రతి గులకఱాతిపైని ఎగిరిపడిన బండి ఆపై రాలమీద నణకువతో నడువసాగెను.

ఛోటా దఢా సమీపమున, నగరపు రోడ్లకై చేసిన పొట్టిగోడ టైర్లతో వచ్చిన యొక కారు దారిప్రక్క నిలిచియుండెను. పంజాబునుండి వచ్చిన కుటుంబము. వంగి చూడగా ప్రక్కగోడ మీద వ్రేలిపొడవు గాటు. ఆ గాటులో తెల్లని దారములు తెగి పైకి వచ్చియున్నవి. నేలను తాకు భాగమున మేకు దిగిన పంచరు వేసి పోవచ్చును గాని, ప్రక్కగోడ తెగినచో అతుకు నిలువదు. మేము జాకీ పట్టి వారి స్టెప్నీ బిగించి పంపితిమి. ఆపై వారికి మఱియొక టైరు లేదు, స్పితిలోని కాజా పట్టణము ఇంకను దూరము. రాణీగంజి పెద్దమనిషి మాటలోని సత్యము నాకు సంపూర్ణముగా బోధపడినది ఆ గాటును చేతితో తడవి చూచినప్పుడే.

బాతల్ దాటి వంపులు వంపులుగా నెక్కి, 4,500 మీటర్లకు మించిన యెత్తున నున్న కుంజుం కనుమ చేరి, ఆచారము ననుసరించి దేవి గుడికి బండితోనే ప్రదక్షిణము గావించి, గాలి కొలిచితిమి. ఎవరును నింపకయే 22 ఉండవలసినది 24 చూపెను. సముద్రమట్టమున వాతావరణము మనపై మోపు ఒత్తిడి సుమారు 14.7 పీఎస్ఐ కాగా, ఆ కనుమపై నది ఎనిమిదింటికి కొంచెము పైన మాత్రమే. వెలుపలి యొత్తిడి తగ్గినకొలది లోపలి గాలి బలము మీటరునందు హెచ్చుగా కనబడును, నడకవలన పుట్టిన వేడిమియు దానికి తోడగును. ఎత్తులకు బోవువారు మైదానముననే గాలిని నిండుగా బిగించి యుంచినచో టైరు రాయివలె బిఱుసెక్కునని దీనివలన తేలుచున్నది. ఆవలి దిగుడున లోసర్ గ్రామము దాటి, కాజా చేరి, మంచి రోడ్డెక్కకముందే మరల గాలి నింపించితిమి. ఏలయన తగ్గించిన గాలితో తారుపై వేగముగా పోయిన, ప్రక్కగోడ మాటిమాటికి వంగి వేడెక్కి పాడగును.

పదునొకండవ శతాబ్దమున కాశ్మీరదేశమున వెలసిన క్షేమేంద్రుడు, ఔచిత్యమే కావ్యమునకు ప్రాణమని తన ఔచిత్యవిచారచర్చయందు ప్రతిపాదించెను. ఏ అలంకారమైనను తగినచోట నున్నపుడే శోభించునని యా మహావిమర్శకుని యభిప్రాయము. చక్రముల విషయమునను ఇంతకంటె గొప్ప సూత్రము నాకు కనబడలేదు. కావున టైర్లు మార్ప నుద్యమించు సోదరులకు నా విన్నపమిది: పోవు నేల రాయియా, ఇసుకయా, బురదయా యని మొదట తేల్చుకొనుడు, ఏడాదిలో మీ బండి తారుపై నడచు పాలెంతయో నిజాయితీగా లెక్కించుకొనుడు, బండికి తయారీదారు అంగీకరించిన కొలతలలో ప్రక్కగోడ మిక్కిలి యెత్తైన దేదో వెదకుడు, ఐదవ చక్రమును మఱువకుడు. ఇవన్నియు కుదిరిన పిమ్మట ఇంకను ఎత్తు కావలెననిపించిన అప్పు డాలోచింపవచ్చును. మా బావగారికి మాత్రము కాజా చేరునప్పటికి ఆ కోరిక మిగిలియుండలేదు.