చెవికొఱకు వ్రాయు భాష

మేము బాల్యమున నింటనే తండ్రిగారియొద్దఁ గావ్యములు చదువుకొంటిమి. దీర్ఘసమాసములు గలదియే మంచి రచన యని మా నమ్మకము. ఆంగ్లము మాత్రము మావారు బడినుండి వచ్చినపిదప నేర్పినంతయే వచ్చును.

ఇటీవల మా యాఁడుబిడ్డ రేడియోలో నాంగ్లవార్తలు చదువు నుద్యోగమునకు స్వరపరీక్షకుఁ బోవఁదలఁచి, కొన్ని వార్తలు తానే వ్రాసి మాకుఁ జూపినది. వాక్యము లన్నియు పొట్టివి. “ఇది బాలశిక్షవలె నున్న” దని మే మాక్షేపించి, మూఁడేసి వాక్యముల నొకటిగాఁ గూర్పించితిమి. ఆ పిల్ల యెదురాడక యట్లే వ్రాసికొనినది.

మఱునాఁడు మేము వంటయింట బెండకాయలు తరుగుచుండఁగా నామె బిగ్గరగాఁ జదివినది. నది పొంగినదని తెలిసినది గాని, ఎవరు మునిఁగిరో, ఎవరు కాపాడిరో తెలియలేదు. కలెక్టరుగారు, ఇంజనీరుగారు అని విన్నపిదప “ది లాటర్” అను మాట వచ్చెను. వారిలో రెండవవా రెవరని మేము వెదకికొనునంతలో తరువాతి వార్తయుఁ గడచిపోయెను. పత్రికయైనచో పై పంక్తికిఁ జూపు త్రిప్పుదుము. గాలిలోఁ బోయిన మాటను మరలఁ బిలువఁగలమా? తప్పు మాదే.

అంతట నిరువురము కూర్చుండి తిరుగ వ్రాసితిమి. ఎవరు చెప్పిరో ముందు, ఏమి చెప్పిరో తరువాత. సందేహమున్నచోట సర్వనామమునకు మాఱుగాఁ బేరే. 4,987 మంది యనుచోట “దాదాపు 5,000 మంది.” ఒక్క యూపిరిలోఁ బలుకరానిది రెండు వాక్యములు. కూర తరుగుచునే విని మేము మరలఁ జెప్పఁగలిగినది నిలిచినది, తక్కినది కొట్టివేసితిమి.

ఈ చింత క్రొత్తది గాదు. 1922 నవంబరు 14న లండనులో బీ.బీ.సీ. తొలివార్తలను జదివిన ఆర్థర్ బరోసుగారు వానిని ఒకసారి వేగముగను, ఒకసారి మెల్లగను జదివి, ఏది మేలని శ్రోతలనే యడిగిరి.

పిల్లకు మఱియొక దిగులు. “వదినా, నా యాంగ్లములో తెలుఁగు వినఁబడునేమో!” 1941లో యార్క్‌షైరు యాసగల విల్‌ఫ్రెడ్ పికిల్సుగారు బీ.బీ.సీ. వార్తలు చదివినపుడు ఆంగ్లేయులలోనే కొంద ఱాక్షేపించిరని మావారు చెప్పిరి. “యాస వేఱు, అస్పష్టత వేఱు. ‘వీ’, ‘డబ్ల్యూ’లను వేఱుగాఁ బలుకుము. పదము చివర ఉకారము చేర్పకుము. తక్కిన యాస అమ్మ యిచ్చినది, దానికి సిగ్గేల?” అనిరి.

పరీక్ష వచ్చు మాసమున. ఫల మెట్లున్నను, సోదరీమణులారా, మాకు వచ్చిన కొలఁది యాంగ్లమే యామెకు తగిన కొలతబద్ద యైనది. మీ యింటఁ బిల్లలు బిగ్గరగాఁ జదువునపుడు చేతిపని మానకుఁడు; చెవి మాత్ర మిండు. అర్థము గాకున్నచో అర్థము గాలేదని చెప్పుఁడు.