సున్నపు బట్టీల రేవు

తెల్లటి హోటలు, ముందు గులాబీ తోట, రేవు నిండా పడవలు. రోచ్ హార్బర్ గురించి సియాటిల్‌లోని మనవాళ్లు చెప్పేది ఇంతే. అనకోర్టెస్‌లో ఫెర్రీ ఎక్కి శాన్ వాన్ ద్వీపానికి నేనూ వాటికోసమే వెళ్లాను. తీరా వెళ్లాక నన్ను కట్టిపడేసింది హోటలు పక్కనున్న పాత రాతికట్టడం. అది సున్నపు బట్టీ!

ఈ ఊరికి ఊరే సున్నంలోంచి పుట్టిందంటే నమ్ముతారా? కొండ నిండా సున్నపురాయి, కాల్చడానికి చుట్టూ అడవి, సరుకు ఎత్తడానికి లోతైన రేవు. ఇంకేం కావాలి! 1886లో జాన్ మెక్‌మిలిన్ ఇక్కడ సున్నం కంపెనీ పెట్టాడు. ఆ ఏడే, అంతకుముందు హడ్సన్స్ బే కంపెనీవాళ్లు వేసుకున్న దుంగల గుడిసె చుట్టూ ఈ హోటల్ డి హారో కట్టించాడు. ఇళ్లు కంపెనీవే, కొట్టూ కంపెనీదే. కూలి కూడా ఆ కొట్టులోనే చెల్లే చీటీల రూపంలో ఇచ్చేవారు. ఈ మాట చదివినప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది.

మా ఊళ్లో సంక్రాంతి వెల్లకు గాబులో రాతిసున్నం వేసి నీళ్లు పోస్తే బుసబుసా పొంగి, గాబు పట్టుకోలేనంత వేడెక్కేది. ఇక్కడివాళ్లు అదే సున్నాన్ని పీపాల్లో నింపి ఓడలకెత్తారు. చెమ్మ తగిలితే కట్టె ఓడ అంటుకుంటుంది. కింద చూస్తే సముద్రం! ఆ పీపాలు బిగించిన చేతులకు దణ్ణం పెట్టాలనిపించింది.

మెక్‌మిలిన్ 1936లో పోయాడు. అడవిలో ఆ కుటుంబం సమాధి ఉంది. రాతి బల్ల, చుట్టూ రాతి కుర్చీలు, ఆ కుర్చీల్లోనే వాళ్ల అస్థికలు. భోజనానికి అందరూ కలిసి కూర్చున్నట్టే. చుట్టూ ఉన్న స్తంభాల్లో ఒకదాన్ని కావాలనే విరిగినట్టు కట్టారు. దాని ముందు చాలాసేపు నిలబడిపోయాను.

1956లో టార్ట్ కుటుంబం ఊరంతా కొని విడిదిగా మార్చింది. కూలీల ఇళ్లు అతిథులకు వసతి అయ్యాయి. బట్టీల ఇటుకలు హోటలు ముందు దారికి పరిచారు. వంగి ఒకదాన్ని తడిమి చూశాను. అంచులు అరిగి, పసుపు రంగు మాసి, ఎండకు వెచ్చగా ఉంది.

వేసవిలో వెళ్లండి. గులాబీల దగ్గర ఫోటోలు తీసుకోండి, కానీ ముందు బట్టీల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లి సున్నం ఎలా కాలుస్తారో చెప్పండి.