గండి, దారి, గొళ్లెం

వేంపల్లె దాటి గండి చేరిన వారికి, కొండలను చీల్చుకొని పాపాఘ్ని తన దారిని తానే వెదకికొనిన దృశ్యం కన్పిస్తుంది. కమలాపురం వద్ద పెన్నలో కలిసే ఆ ఏటికి ఎవరి అనుమతీ అక్కరలేదు. నా వెబ్ అప్లికేషన్‌లోనూ అదే జరిగింది!

విద్యార్థుల మార్కులకై జాంగోలో ఒక అప్లికేషన్ వ్రాశాను. చిరునామాను తగిన పుటతో ముడివేయుటే రౌటింగ్. జాంగో ఆ పట్టికను పైనుండి క్రిందికి చూచి, మొదట సరిపోలిన దారినే పట్టుకుంటుంది. విద్యార్థి, అధ్యాపకుడు, నిర్వాహకుడు అని మూడు పాత్రలు ఏర్పరచి, మార్కులు దిద్దే లంకెను విద్యార్థి పుటలో కనబడకుండ తొలగించి మురిసిపోయాను.

అసలు మార్కులు ఎక్కించక మునుపు ప్రొద్దుటూరి మిత్రునొకని పరీక్షింపుమన్నాను. అతడు విద్యార్థిగా ప్రవేశించి, దిద్దుబాటు పుట చిరునామాను తానే టైపు చేశాడు. పుట తెరుచుకుంది.

"భాయ్, దర్వాజాకు పర్దా కట్టినావు గాని గొళ్లెం పెట్టలేదే!" అన్నాడు.

ఆ రాత్రి ప్రతి దారి వద్దా సర్వరే రెండు ప్రశ్నలు అడిగేటట్లు చేశాను: వచ్చినది ఎవరు? ఈ పనికి అర్హుడా? లాగిన్ కానివాడు లాగిన్ పుటకు పోవాలి. అర్హత లేనివానికి 403 కనబడాలి. అంతటితో తీరలేదు. చిరునామాలోని సంఖ్యను మార్చితే తోటి విద్యార్థి మార్కులు కన్పిస్తున్నవి. పాత్ర సరియైనదే, హక్కు మాత్రం లేదు. కనుక ఆ మార్కులు ఎవరివో కూడ సరిచూడవలసి వచ్చింది.

ఉదయం మిత్రుడు దిద్దుబాటు పుటను మళ్ళీ తట్టాడు. 403. నవ్వి, తన మార్కులు తెరిచాడు. అక్కడా 403! నేను మరల కుర్చీ లాగుకొన్నాను.