అందరి పేజీల మీదా నా పేరే!

ఆ శనివారం రాత్రి అంట్లు సర్దుతుంటే ఫోను మోగింది. "అక్కా, నా వర్క్‌షీటు కింద టీచర్ పేరని నీ పేరు వస్తోందేంటి?" అంది ఒక చెల్లి. అది పెట్టేసేలోపే ఇంకో వదిన. "మీ పేరు బానే ఉంది గానీ, నా పేరేదండీ?"

మాది బెంటన్‌విల్. 1950లో సామ్ వాల్టన్ ఇక్కడి చౌరస్తాలో చిన్న కొట్టు పెట్టాడు. తర్వాత ఆయన మొదలుపెట్టిన వాల్‌మార్ట్‌కి ఈ ఊరే కేంద్రమయింది. దాని కంప్యూటర్ పనుల కోసం వచ్చిన తెలుగువాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. మేమూ అలాగే వచ్చాం. నాది బీయస్సీ కంప్యూటర్స్. ఇక్కడికొచ్చి ఐదేళ్ళు, హెచ్4 వీసా. 2015 నుంచి కొందరు హెచ్4 వాళ్ళకి పని అనుమతి ఇస్తున్నారు గానీ, దానికి భర్త గ్రీన్‌కార్డు కాగితాలు ఒక దశ దాటాలి. మావి ఇంకా దాటలేదు. ఏ ఫారం నింపినా నేను "డిపెండెంట్"నే.

మా పిల్లల తెలుగు తరగతికి ఐదుగురు అమ్మలం పాఠాలు చెప్తాం. అందరివీ పాత లాప్‌టాప్‌లే. ఒక కుటుంబం వాడేసిన సర్వర్ కంప్యూటర్ ఇచ్చింది. రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకుంటే ప్రోగ్రాములు సర్వర్ మీదే నడుస్తాయి, మన లాప్‌టాప్‌లో బొమ్మ కనబడితే చాలు. "నేను చూస్తాలే" అన్నారు మా ఆయన. మూడు వారాలు చూశాక నేనే కూర్చున్నాను.

మొదట తెలిసింది, విండోస్ సర్వర్‌లో మామూలుగా ఒకేసారి ఇద్దరికే, అదీ నిర్వహణ పనులకే, చోటుంటుందని. ఐదుగురు వాడాలంటే సెషన్ హోస్ట్ అనే భాగం వేసి, మనిషికో లైసెన్స్ కొనాలి. 120 రోజుల గడువు ఉంటుంది. ఆలోగా ఎంత డబ్బు కావాలో లెక్క రాసిచ్చాను. వర్క్‌షీట్ల ప్రోగ్రాం సొంత లైసెన్స్ కూడా చూసుకున్నాను. ఒకరి కోసం కొన్నది ఐదుగురం వాడకూడదు కదా.

తర్వాత ప్రోగ్రాం ఎక్కించాను. నాకు బ్రహ్మాండంగా పనిచేసింది, మిగతా నలుగురికీ తెరుచుకోగానే తప్పు చూపించింది. ఎందుకంటే పాతకాలపు ప్రోగ్రాములు కొన్ని, ఎక్కించిన మనిషి ఖాతాలోనే తమ సెట్టింగులు రాసుకుంటాయి. నా కంచంలో ఉప్పు వేసుకుంటే అందరి పప్పులోకీ వస్తుందా? గిన్నెలోనే కలపాలి.

ఆ కలిపే పద్ధతి పేరు ఇన్‌స్టాల్ మోడ్. అందరినీ లాగాఫ్ అవమని, అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ విండో తెరిచి "చేంజ్ యూజర్ /ఇన్‌స్టాల్" అని కొట్టాలి. అప్పటినుంచి ప్రోగ్రాం ఖాతాలో రాసే సెట్టింగులని విండోస్ ఒక ఉమ్మడి చోట కూడా దాచి, తర్వాత ఎవరు వాడితే వాళ్ళకో నకలు ఇస్తుంది. పని కాగానే "చేంజ్ యూజర్ /ఎగ్జిక్యూట్" కొట్టి మామూలు స్థితికి రావాలి. ఇప్పటి ప్రోగ్రాములు చాలావాటికి ఇది అవసరం పడదు, మాది పాతది.

అంతా చేశాను. కానీ చివర్లో "ఇప్పుడే తెరవండి" అన్న టిక్కు తీయకుండా ఫినిష్ నొక్కేశాను. ప్రోగ్రాం తెరుచుకుని టీచర్ పేరు అడిగింది. అలవాటుగా నా పేరు కొట్టాను. ఇంకా ఇన్‌స్టాల్ మోడ్‌లోనే ఉన్నాను కాబట్టి, అదీ ఉమ్మడి గిన్నెలో పడింది. అందరి పేజీల మీదా నేనే!

ఫోన్లు పెట్టేసి చాలాసేపు నవ్వుకున్నాను. ఐదేళ్ళుగా ఈ దేశంలో ఏ పని కాగితం మీదా లేని నా పేరు, ఒక్క రాత్రిలో ఐదుగురి వర్క్‌షీట్ల మీదకి ఎక్కేసింది. నవ్వుతూనే ఎందుకో కళ్ళు తుడుచుకున్నాను.

ఆ రాత్రే ప్రోగ్రాం తీసేసి, ఉమ్మడి చోట మిగిలిన నా పేరు తుడిచి, టిక్కు తీసి మళ్ళీ ఎక్కించాను. అప్పటికే తెరిచిన ఇద్దరి ఖాతాల్లో పేరు విడిగా మార్చాల్సి వచ్చింది. పూర్తయ్యేసరికి ఒంటిగంట. మా ఆయన వచ్చి తెర చూసి, "ఇదెలా చేశావు?" అని అడిగారు. కుర్చీ జరిపి, మొదటినుంచీ చెప్పాను. ఆయన మధ్యలో అడ్డురాలేదు.

ఆ మెట్లన్నీ ఒక కాగితం మీద వరుసగా రాసి సర్వర్ పక్కన అంటించాం. రేపు నేను లేకపోయినా ఇంకో అమ్మ చేసుకోగలగాలి. వర్క్‌షీట్ల మీద ఇప్పుడు ఎవరి పేరు వాళ్ళదే. ఆ కాగితం కింద మాత్రం నా పేరు రాసుకున్నాను.